పెనుగొండ పిల్లవాడు



ఈ సంచికకి మన క్లబ్ వాళ్ళు ఇచ్చిన టాపిక్ మీకు తెలుసు కదా. ఎవరి ఊరి వైపు నుంచి వాళ్ళు, ఇప్పుడు మన మధ్య లేని ఒక పెద్ద మనిషి జీవితం గురించి రాయాలి. మాది హిందూపురం. ఊరి పేరు చెప్పగానే హాస్టల్లో అందరూ అడిగేది ఒకటే, బాలయ్య ఊరా అని. అవును, ఆ ఊరే. అంతకు ముందు ఎన్టీఆర్ మా ఎమ్మెల్యే. 1985, 1989, 1994, మూడుసార్లు మా దగ్గరే గెలిచారు. ఇంకా వెనక్కి వెళితే 1967లో హిందూపురం ఎంపీగా గెలిచి లోక్‌సభ స్పీకర్ అయిన నీలం సంజీవరెడ్డి, తర్వాత 1977లో రాష్ట్రపతి కూడా అయ్యారు. కాబట్టి నాకు పేర్లకి కొదవ లేదు. సంజీవరెడ్డి గారి మీద ఒక పేజీ రాసి సబ్మిట్ చేసేద్దామనే అనుకున్నాను.

కానీ నేను రాస్తున్నది వేరే ఆయన గురించి. దానికి కారణం కొంచెం సిగ్గుపడే విషయమే, అయినా చెప్తాను.

నేను పోయిన సంవత్సరం నుంచి ఫోన్‌లో స్పానిష్ నేర్చుకుంటున్నాను. ఎందుకు అంటే గట్టి కారణం ఏమీ లేదు, స్ట్రీక్ పిచ్చి. రెండు వందల రోజులు దాటింది. అలా స్పానిష్ కవుల గురించి వెతుకుతుంటే రూబెన్ దారియో అనే పేరు తగిలింది. నికరాగ్వా అని మధ్య అమెరికాలో ఒక చిన్న దేశం. అక్కడ మెతాపా అనే చిన్న ఊళ్ళో 1867లో పుట్టాడు. చిన్నప్పుడే కవిత్వం రాసేవాడు, పన్నెండు పదమూడేళ్ళకే పత్రికల్లో అచ్చయింది, అందరూ బాలకవి అని పిలిచేవాళ్ళు. 1888లో చిలీ దేశంలో అసూల్ అనే పుస్తకం వేశాడు. దాంతో మొత్తం స్పానిష్ భాషలో కవిత్వం రాసే పద్ధతే మారిపోయింది. 1916లో చనిపోయాడు. తర్వాత ఆయన పుట్టిన ఊరి పేరునే మార్చి దారియో నగరం అని పెట్టుకున్నారు. రాజధానిలో నేషనల్ థియేటర్‌కి ఆయన పేరు. కరెన్సీ నోటు మీద కూడా ఆయన బొమ్మ వేశారు.

ఇది చదివి భలే ఉందే అనుకుని, సెలవులకి ఇంటికి వెళ్ళినప్పుడు మా అవ్వకి చెప్పాను. ఒక చిన్న ఊరి పిల్లోడు, మీసం కూడా రాకముందే కవి అయ్యాడంట అవ్వా, అని. అవ్వ చిక్కుడుకాయలు ఒలుస్తూ తలెత్తకుండానే అడిగింది, మన పెనుగొండ పిల్లోడి సంగతి తెలుసునా అని. ఏ పిల్లోడు అన్నాను. పుట్టపర్తి నారాయణాచార్యులు అంది.

నాకు తెలియదు. పుట్టపర్తి అంటే సత్యసాయి బాబా ఊరు, ఇప్పుడు మా జిల్లా హెడ్‌క్వార్టర్స్, అంతే తెలుసు. ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియం, తెలుగు అంటే మార్కుల కోసం బట్టీ పట్టే ఒక సబ్జెక్ట్. భూగోళం అవతల ఉన్న బాలకవి నాకు తెలుసు, నలభై కిలోమీటర్ల దూరంలో పెరిగిన బాలకవి తెలియదు. అవ్వ ఇంకేమీ అనలేదు, చిక్కుడుకాయలు ఒలుచుకుంది. అనకపోవడమే నాకు ఎక్కువ గుచ్చుకుంది.

ఆ తర్వాత రెండు నెలలు నేను చదివింది, అడిగి తెలుసుకున్నది ఇది.

పుట్టపర్తి నారాయణాచార్యులు 1914 మార్చి 28న పుట్టారు. అనంతపురం దగ్గర చియ్యేడు అనే పల్లె. నాన్న శ్రీనివాసాచార్యులు, అమ్మ కొండమ్మ. శ్రీవైష్ణవుల ఇల్లు. కృష్ణదేవరాయల కాలంలో రాజగురువులుగా ఉన్న తాతాచార్యుల వంశం అని ఆ కుటుంబంలో చెప్పుకుంటారు. వాళ్ళ పూర్వీకులు చిత్రావతి ఒడ్డున పుట్టపర్తిలో ఉండటంతో ఆ ఊరే ఇంటిపేరుగా స్థిరపడింది. నాన్న సంస్కృత పండితుడు. ఆ కాలంలో అలాంటి ఇళ్ళలో పిల్లలకి ఆట ఎంతో అమరకోశం అంత. ఈయన బాల్యం మాత్రం గడిచింది పెనుకొండలో.

పెనుకొండ గురించి మీకు కొంచెం చెప్పాలి, లేకపోతే ఈ కథ అర్థం కాదు. (గోదావరి వైపు ఇంకో పెనుగొండ ఉంది, అది కాదు.) మీరు బెంగళూరు నుంచి హైదరాబాద్ హైవే మీద వస్తే కియా కార్ల ఫ్యాక్టరీ కనిపిస్తుంది కదా, ఆ దగ్గర్లోనే పెద్ద కొండ. ఆ కొండ కిందే ఊరు. ఇప్పుడు మా వాళ్ళు చాలామంది ఆ ఫ్యాక్టరీ షిఫ్టుల కోసం ఆ దారిన వెళ్తారు. కొండవైపు చూసేవాళ్ళు తక్కువ. నేనూ ధర్మవరం వెళ్ళే రైల్లో ఎన్నిసార్లు ఆ స్టేషన్ దాటానో లెక్క లేదు, ఒక్కసారి కూడా దిగలేదు.

1565లో రక్కసతంగడి యుద్ధంలో విజయనగరం ఓడిపోయింది. హంపీని దోచుకున్నారు, కాల్చారు. బతికి బయటపడ్డ తిరుమల రాయలు రాజధానిని పెనుకొండకి మార్చాడు. అంటే అంత పెద్ద సామ్రాజ్యం ఓడిపోయాక వచ్చి తలదాచుకున్న చోటు ఇది. కొన్నాళ్ళకి రాజధాని ఇక్కడి నుంచి కూడా చంద్రగిరికి వెళ్ళిపోయింది. మిగిలింది కోట గోడలు, బురుజులు, గగన్ మహల్, గుళ్ళు, కొండ మీద నరసింహస్వామి, కింద బాబయ్య దర్గా.

ఒక పిల్లవాడు ఈ రాళ్ళ మధ్య పెరిగాడు. ఇంట్లో రోజూ రాయల కాలం కావ్యాలు వినిపిస్తాయి, బయటికి వస్తే రాయల కాలం గోడలు పడిపోయి కనిపిస్తాయి. ఆ రెండూ ఆ పిల్లవాడి తలలో కలిశాయి. ఇంకా హైస్కూల్ వయసులోనే ఆయన పెనుగొండ లక్ష్మి అని ఒక పద్యకావ్యం రాశారు. ఆ ఊరి వైభవం, ఆ ఊరి పతనం, రెండూ అందులో వస్తాయి. మన వయసు కూడా కాదు ఫ్రెండ్స్, మనకంటే చాలా చిన్న వయసు. ఆ వయసులో నేను పెనుకొండ దగ్గర బస్సులో కూర్చుని సబ్‌వే సర్ఫర్స్ ఆడుకుంటున్నాను.

ఆయన ఊరికే పద్యాలు రాసుకుంటూ కూర్చున్న పిల్లవాడు కూడా కాదు. పెనుకొండలోనే సంగీతం నేర్చుకున్నారు. నాట్యం కూడా నేర్చుకున్నారు. ఆచార్యుల ఇంటి అబ్బాయి కాలికి గజ్జె కట్టడం ఆ రోజుల్లో నలుగురూ మెచ్చే పని కాదు. అయినా నేర్చుకున్నారు. తర్వాత ఆయన రాసిన కవిత్వంలో తాళం ఎక్కడి నుంచి వచ్చిందో ఇక్కడే తెలుస్తుంది.

నాకు అన్నిటికంటే నచ్చిన ముక్క ఇంగ్లీషుది. అప్పట్లో పెనుకొండలో బ్రిటిష్ సబ్ కలెక్టర్ ఉండేవాడు. ఆయన భార్యని ఊళ్ళో పిట్ దొరసాని అనేవాళ్ళు. ఈ అబ్బాయి తెలివి చూసి ఆమె తానే ఇంగ్లీషు సాహిత్యం చదివించింది. ఒకసారి ఊహించండి. ఒకవైపు ఇంట్లో సంస్కృత వ్యాకరణం, ఆళ్వారుల తమిళ పాశురాలు, ఇంకోవైపు దొరసాని బంగళాలో ఇంగ్లీషు కవిత్వం. ఆయన ఇంగ్లీషు కోసం తెలుగుని వదిలిపెట్టలేదు, తెలుగు కోసం ఇంగ్లీషుని దూరం పెట్టలేదు. పెద్దయ్యాక ఇంగ్లీషులోనే లీవ్స్ ఇన్ ద విండ్ అని కవితల పుస్తకం రాశారు. నా ఇంగ్లీష్ మీడియం చదువు పధ్నాలుగేళ్ళు అయింది, నేను ఇంగ్లీషులో రాసిన పెద్ద కవిత్వం లీవ్ లెటరే.

తర్వాత సంస్కృతం చదవడానికి తిరుపతి వెళ్ళారు. చదువు అయ్యాక తెలుగు పండితుడి ఉద్యోగం రావాలంటే విద్వాన్ పరీక్ష పాసవ్వాలి. ఇక్కడే ఆయన జీవితంలో అందరూ చెప్పుకునే కథ ఉంది. ఆ పరీక్షకి పాఠ్యపుస్తకాల్లో ఒకటి పెనుగొండ లక్ష్మి. అంటే చిన్నప్పుడు తాను రాసిన పుస్తకాన్నే తాను చదివి పరీక్ష రాయాలి. సిలబస్ పెట్టినవాళ్ళకి ఈ కుర్రాడే ఆ కవి అని తోచి ఉండదు. పరీక్ష హాల్లో ప్రశ్న చూసి ఆయన రాయడం మొదలుపెట్టారంట, తన పుస్తకం గురించి తనకి తెలిసినదంతా పేజీలకి పేజీలు రాసుకుంటూ పోయారంట, టైమ్ అయిపోయింది, మిగతా ప్రశ్నలు అలాగే ఉండిపోయాయి, ఆ సారి ఫెయిల్ అయ్యారు అని చెబుతారు.

ఈ కథ నేను నవ్వుకోవడానికి చెప్పడం లేదు. నాకు ఎం-2లో బ్యాక్‌లాగ్ ఉంది. మన క్లబ్‌లో కొందరికి తెలుసు, మిగతావాళ్ళకి ఇప్పుడు తెలిసింది. రిజల్ట్ వచ్చిన రోజు నేను ఇంటికి ఫోన్ చేయలేదు. నాలుగు రోజులు చెప్పలేదు. నేను దీనికి పనికిరాను, రాంగ్ బ్రాంచ్ తీసుకున్నాను, ఇంకా ఏవేవో అనుకున్నాను. ఈ కథ చదివాక నాకు ఓదార్పు వచ్చిందంటే అది అబద్ధం. ఆయన తెలిసినది ఎక్కువై ఫెయిల్ అయ్యారు, నేను తెలియక ఫెయిల్ అయ్యాను, రెండూ ఒకటి కాదు. కానీ ఒక విషయం మాత్రం పట్టుకున్నాను. ఆయన ఆ పరీక్షని మళ్ళీ రాశారు. తన పుస్తకం మీద తనకే మార్కులు వేయలేని పరీక్షని తిట్టుకుంటూ కూర్చోకుండా మళ్ళీ వెళ్ళి కూర్చుని, పాసై, పండితుడి ఉద్యోగంలో చేరారు. అంత తెలిసినవాడికే రెండోసారి కూర్చోవడం నామోషీ కాకపోతే నాకెందుకు? సప్లీ ఫీజు కట్టాను.

ఉద్యోగం అంటే ఏదో యూనివర్సిటీ ప్రొఫెసర్ అనుకోకండి. స్కూల్ తెలుగు పండితుడు. ప్రొద్దుటూరులో, కడపలో, ఎక్కువ కాలం హైస్కూల్ పిల్లలకి పాఠాలు చెప్పారు. మధ్యలో కొంతకాలం కేరళకి వెళ్ళి తిరువనంతపురంలో నిఘంటువు పనిలో ఉన్నారు. కొంతకాలం ఢిల్లీలో సాహిత్య అకాడమీ లైబ్రరీలో పనిచేశారు. ఒకచోట నిలకడగా ఉండే మనిషి కాదు. కానీ ఎక్కడికి వెళ్తే అక్కడి భాషని నేర్చుకుని వచ్చేవారు.

ఆయనకి పద్నాలుగు భాషలు వచ్చు అని అందరూ అంటారు. తెలుగు, సంస్కృతం, ప్రాకృతం, పాళీ, తమిళం, కన్నడం, మలయాళం, హిందీ, మరాఠీ, ఇంగ్లీషు, ఇలా. ముందు నేను నమ్మలేదు. వాట్సాప్ ఫార్వర్డ్‌లాగా అనిపించింది. కానీ పని చూస్తే నమ్మక తప్పదు. విశ్వనాథ సత్యనారాయణ గారి ఏకవీర నవలని మలయాళంలోకి అనువదించారు. గమనించండి, మలయాళం నుంచి తెలుగులోకి కాదు, తెలుగు నుంచి మలయాళంలోకి. మన భాష నుంచి పక్క భాషలోకి ఒక నవల రాయాలంటే ఆ భాషలో కలలు వచ్చేంత తెలిసి ఉండాలి. ధర్మానంద కోశాంబి మరాఠీలో రాసిన బుద్ధుడి జీవితాన్ని తెలుగులోకి తెచ్చారు. ప్రాకృత కవిత్వం మీద వ్యాసాలు రాశారు. సంస్కృతంలో శివుడి మీద శివకర్ణామృతం, త్యాగరాజస్వామి మీద సుప్రభాతం రాశారు.

ఇంకో సంగతి కూడా తోచింది. ఇది ఆయనకే ఉన్న అద్భుతం అని పక్కన పెట్టేస్తే మనకి సుఖంగా ఉంటుంది, కానీ సగం మా నేలది కూడా. హిందూపురం బజార్లో చింతపండు బేరం చేసేటప్పుడు మనిషి కన్నడలో మొదలుపెట్టి తెలుగులో ముగిస్తాడు. పక్క కొట్లో ఉర్దూ. మా అవ్వకి కన్నడ చదవడం రాదు, కానీ గౌరీబిదనూరు చుట్టాలు వస్తే ఇంట్లో మాట మారిపోతుంది, ఎప్పుడు మారిందో ఆమెకే తెలియదు. ఇక్కడ రెండు మూడు భాషలు వినబడటం గాలి వచ్చినట్టే. అందరి చెవిలోనూ పడతాయి. ఆయన వాటిని చెవి దగ్గర ఆపలేదు. లిపి నేర్చుకుని, వ్యాకరణం నేర్చుకుని, ఆ భాషలోని మంచి కవులందరినీ చదివేదాకా వెళ్ళారు. నేను సి, జావా, పైథాన్ అని రెజ్యూమేలో మూడు భాషలు రాసుకున్నాను. ఇంట్లో వినిపించే కన్నడ రాసుకోలేదు. చదవడం రాదు కాబట్టి.

ఇప్పుడు శివతాండవం గురించి. మీలో ఎవరైనా పుట్టపర్తి పేరు విని ఉంటే దీనివల్లే విని ఉంటారు. ప్రొద్దుటూరులో పనిచేసే రోజుల్లో అగస్త్యేశ్వరస్వామి గుడిలో ప్రదక్షిణాలు చేస్తూ ఈ కావ్యం అల్లారని చెబుతారు. పుట్టింది వైష్ణవుల ఇంట్లో, పేరు నారాయణుడిది, రాసింది శివుడి నాట్యం. ముందు శివుడి తాండవం, తర్వాత పార్వతి లాస్యం. శివుడు ఆడుతుంటే లోకం అంతా ఎలా ఊగిందో మాటల్లోనే వినిపిస్తుంది. ఇది కళ్ళతో చదివే పుస్తకం కాదు, పైకి చదవాలి, చేత్తో తాళం వేస్తూ చదవాలి. ఆయన ఎక్కడ సభకి వెళ్ళినా జనం ఇదే చదవమని అడిగేవాళ్ళంట. ఎన్నో పెద్ద పెద్ద కావ్యాలు రాసినా ఈ చిన్న పుస్తకమే ఆయన పేరు పక్కన నిలిచిపోయింది.

నేను దీని పీడీఎఫ్ తెరిచాను. మొదటి పేజీలో నాలుగు లైన్లు చదివి ఫోన్ పక్కన పెట్టేశాను. మాటలు ఎక్కడ మొదలయ్యి ఎక్కడ ముగుస్తున్నాయో తెలియలేదు. సంధులు, సమాసాలు. స్పానిష్‌లో పేరాగ్రాఫ్ చదవగలుగుతున్న నేను నా భాషలో నాలుగు లైన్లు చదవలేకపోయాను. నిజం చెప్తున్నా, కళ్ళలో నీళ్ళు వచ్చాయి. బాధ కంటే కోపం ఎక్కువ, ఎవరి మీదో తెలియని కోపం.

మా అవ్వకి కంట్లో శుక్లాలు. ఆపరేషన్ ఇంకా కాలేదు, అక్షరాలు కనిపించవు. అందుకని రాత్రి భోజనాలు అయ్యాక మిద్దె మీద కూర్చుని నేను పైకి చదివేదాన్ని, ఆమె వినేది. నేను మాటని తప్పు చోట విరిస్తే ఆపి, మళ్ళీ చదువు మే అనేది. రెండుసార్లు చదివితే ఇంకోచోట విరవమనేది. అక్కడ విరిస్తే అర్థం వచ్చేది. ఆమె చదివింది ఎనిమిదో తరగతి. అర్థం అడిగితే చాలా మాటలకి ఆమెకీ తెలియదు, కానీ మాట ఎక్కడ ఆగాలో చెవికి తెలుసు. మిగతాది ఆన్‌లైన్ నిఘంటువు చెప్పింది. ఒక రాత్రికి అర పేజీ. ఆరో రోజుకి మా తమ్ముడు కూడా వచ్చి కూర్చుని స్టీల్ ప్లేట్ మీద తాళం వేయడం మొదలుపెట్టాడు. వెక్కిరించడానికే మొదలుపెట్టాడు. కానీ ప్లేట్ తాళం సరిగ్గా కుదిరింది. వాడే ఆశ్చర్యపోయాడు.

ఆ ఆదివారం ముగ్గురం లేపాక్షికి వెళ్ళాం. మా ఊరికి పదిహేను కిలోమీటర్లు. స్కూల్ ఎక్స్‌కర్షన్‌లో ఎన్నిసార్లు వెళ్ళామో. వేలాడే స్తంభం కింద కర్చీఫ్ దూర్చి ఫోటో దిగి, పెద్ద నంది దగ్గర ఇంకో ఫోటో దిగి వచ్చేయడమే తెలుసు. ఈసారి నాట్యమంటపంలో గంటసేపు కూర్చున్నాం. ఒక స్తంభం మీద మద్దెల, ఒక స్తంభం మీద తాళం, ఒక స్తంభం మీద నాట్యం చేసే మనిషి. రాయి ఆడుతున్నట్టే ఉంటుంది. ఈ మంటపానికీ ఆ కావ్యానికీ సంబంధం ఉందని నేను అనడం లేదు. కానీ ఈ నేల మీద పెరిగిన మనిషి చెవిలో ఆ తాళం ఉండటంలో వింత ఏమీ లేదని నాకు అక్కడ తెలిసింది.

ఆయన జీవితం పైకి కనిపించినంత తేలికగా నడవలేదు. స్కూల్ పండితుడి జీతం, పెద్ద కుటుంబం, ఊళ్ళు మారడం, చదువుకి తగ్గ గుర్తింపు రావడం లేదనే బాధ. ఒక దశలో జీవితం మీదే విరక్తి పుట్టి ఇల్లు వదిలి ఉత్తరాదికి వెళ్ళిపోయారని చెబుతారు. తిరిగి తిరిగి ఋషీకేశ్ చేరారు. అక్కడ స్వామి శివానంద సరస్వతి ఈయన పాండిత్యం చూసి సరస్వతీపుత్ర అనే బిరుదు ఇచ్చారు. తర్వాత ఆయనకి ఎన్నో బిరుదులు వచ్చాయి, కానీ పేరు ముందు నిలిచింది ఇదొక్కటే. అన్నీ వదిలేద్దామని వెళ్ళిన చోట ఆ పేరు తగిలించుకుని ఆయన మళ్ళీ ఇంటికి వచ్చారు, మళ్ళీ పాఠాలు చెప్పారు, మళ్ళీ రాశారు. మనలో కూడా అన్నీ వదిలేసి పోదామని అనిపించే రోజులు ఉన్నవాళ్ళు ఉంటారు. వాళ్ళకి ఇది తెలియాలని రాస్తున్నాను. ఆయన పెద్ద పుస్తకాల్లో కొన్ని ఆ తిరిగి రావడం తర్వాతే వచ్చాయి. అలాంటి రోజు వస్తే ఒక్కరే కూర్చోకండి, ఎవరికో ఒకరికి చెప్పండి. నేను నాలుగు రోజులు చెప్పకుండా ఉండి తప్పు చేశాను.

ఇంట్లో ఆయన పక్కన కనకమ్మ గారు ఉన్నారు. ఆమె కూడా కవయిత్రి, సంస్కృతం తెలిసిన మనిషి. ఇల్లు, పిల్లలు, వచ్చిపోయే శిష్యులు, ఊళ్ళు తిరిగే భర్త, ఇవన్నీ చూసుకుంటూ ఆమె రాసింది తక్కువే. ఆయన గురించి రాసేవాళ్ళు ఆమె గురించి ఒక లైన్ రాసి వదిలేస్తారు. నాకు దొరికింది కూడా ఆ ఒక్క లైనే. ఇంకో సంచికలో ఎవరైనా ఆమె గురించి వెతికి రాస్తే బాగుంటుంది.

పెద్దయ్యాక ఆయన రాసిన వాటిలో పండరీ భాగవతం ఉంది, మరాఠీ నేల మీది విఠలుడి భక్తుల కథలు, ద్విపదలో. తులసీదాసు మీద సాక్షాత్కారం ఉంది. శ్రీనివాస ప్రబంధం ఉంది. జనప్రియ రామాయణం ఉంది. ఈ పేరులోనే ఆయన ఉద్దేశం తెలుస్తుంది. అంత పాండిత్యం ఉన్న మనిషి, పాడుకోవడానికి వీలుగా, జనానికి దగ్గరగా ఒక రామాయణం ఉండాలనుకున్నారు. దానికే 1979లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అంతకు ముందే 1972లో భారత ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1990 సెప్టెంబర్ 1న కడపలో చనిపోయారు. అప్పటికి డెబ్బై ఆరేళ్ళు. మా అమ్మ అప్పుడు స్కూల్లో చదువుతోంది. నేను పుట్టడానికి ఇంకా చాలా ఏళ్ళు ఉంది.

ఇంక చివరిది. కాలేజీకి తిరిగి వచ్చే రోజు నేను ధర్మవరం వైపు రైలెక్కి, మొదటిసారి పెనుకొండ స్టేషన్లో దిగాను. బ్యాగ్ భుజాన వేసుకుని గగన్ మహల్ దాకా నడిచాను. పెద్ద బిల్డింగ్ ఏమీ కాదు, రెండు అంతస్తులు, పైన గోపురంలాంటిది. దాని నీడలో ఇద్దరు పిల్లలు ఫోన్‌లో గేమ్ ఆడుకుంటున్నారు. పుట్టపర్తి నారాయణాచార్యులు తెలుసా అని అడిగాను. పుట్టపర్తి అయితే బస్టాండ్‌కి పోవాల అక్కా, ఇక్కడ బస్సు ఆగదు అన్నాడు ఒకడు. నవ్వొచ్చింది. ఆ మాటే రెండు నెలల ముందు నన్ను అడిగినా నేనూ అదే చెప్పేదాన్ని.

వాళ్ళ పక్కన మెట్టు మీద కూర్చుని, ఇదే ఊళ్ళో మీ అంత పిల్లోడు ఒకడు ఉండేవాడు, ఈ గోడల మీద ఒక పుస్తకం రాశాడు, తర్వాత ఆ పుస్తకమే పరీక్షలో వస్తే ఫెయిల్ అయ్యాడు అని చెప్పాను. ఫెయిల్ అన్న మాట దగ్గర ఇద్దరూ ఫోన్‌లోంచి తలెత్తారు. నిజమా అక్కా అన్నారు. మళ్ళీ రాసి పాసయ్యాడా అని రెండోవాడు అడిగాడు. పాసయ్యాడు అన్నాను.

నా స్పానిష్ స్ట్రీక్ ఇంకా నడుస్తోంది, మానలేదు. ఆయనే అయితే అసలు మానమనేవారు కాదు. దాని పక్కన ఇప్పుడు ఇంకోటి నడుస్తోంది. రాత్రి తొమ్మిదికి అవ్వకి ఫోన్ చేస్తాను, అర పేజీ చదువుతాను, తప్పు చోట విరిస్తే అవతల నుంచి ఆపుతుంది. శివతాండవం అయిపోయింది, ఇప్పుడు పెనుగొండ లక్ష్మి మొదలుపెట్టాం. ఎం-2 సప్లీ వచ్చే నెల.

ఈ వ్యాసంలో తెలుగు తప్పులు ఉంటే మన్నించండి, చూపించండి. మీ ఊళ్ళో కూడా ఇలాంటి మనిషి ఎవరో ఒకరు ఉంటారు. సెలవులకి వెళ్ళినప్పుడు ఇంట్లో పెద్దవాళ్ళని ఒక్కసారి అడిగి చూడండి.